ఊరి కింద ఊరు: సరూర్‌నగర్ చెరువుకట్ట మీద

పోయిన వారం హయత్‌నగర్‌లో ఆగాం. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే పాత బాట మీద, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు నిలిచిన మసీదునూ, బాటసారుల కోసం దాని చుట్టూ కట్టిన సరాయి గదులనూ చూశాం. ఈ వారం అదే బాట పట్టుకుని పడమరకు, నగరం వైపు నడుద్దాం. సరుకుల బండ్లు, కుతుబ్‌షాహీ కాలపు రాయబారులు, వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకులు నడిచిన దారి ఇదే. ఇవాళ దీన్ని విజయవాడ హైవే అంటున్నాం.

ఈ దారిలో మూడు పేర్లు వరసగా వస్తాయి. హయత్‌నగర్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్. హయత్ అంటే ప్రాణం. సురూర్ అంటే సంతోషం. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. ఇంత మంచి మాటలు ఒకే బాట మీద ఇలా వరస కట్టడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. కానీ ఈ మాటలను ఎవరూ అర్థం చూసి ఊళ్లకు పెట్టలేదు. మూడూ మనుషుల పేర్లు. ఒకరు రాజమాత, ఒకరు దివాను గారి బేగం, మూడో ఆయన జాగీర్దారు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్. మలక్‌పేట దాటాక ఉన్న తన సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా విడగొట్టి, ఆ బస్తీకి తన పేరే పెట్టుకున్నాడు. వాటి పక్కనే ఎల్బీనగర్‌గా మనం పిలుచుకునే లాల్ బహదూర్ నగర్ ఉంది. అది 1966లో తాష్కెంట్‌లో కన్నుమూసిన ప్రధాని శాస్త్రి గారి పేరు.

పెద్దవాళ్ల పేర్లు ఇలా పైన పరుచుకుంటే కింద ఉన్నవి కనిపించవు. కింద ఉన్నవి ఊళ్లు. గడ్డిఅన్నారం, కొత్తపేట, నాగోలు, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ, లింగోజిగూడ, చంపాపేట, మన్సూరాబాద్, ఫతుల్లాగూడ, సాహెబ్‌నగర్. బస్సు బోర్డుల మీద చదువుతుంటే ఇవన్నీ స్టాపుల పేర్లలాగే ఉంటాయి. ఒకప్పుడు ఒక్కో దానికి ఒక పటేలు, ఒక పట్వారీ, ఒక చెరువో కుంటో, పశువులు మేసే బంచరాయి, ఊరి నడుమ ఒక బొడ్రాయి ఉండేవి. నగరం లెక్కల్లో అవి వార్డులైపోయాయి. రెవెన్యూ దస్తరాల్లో మాత్రం ఇప్పటికీ గ్రామాలే. ఎల్బీనగర్‌లో ఫ్లాటు కొన్నవాళ్లు తమ రిజిస్ట్రేషన్ కాగితం ఒకసారి తీసి చూడండి. సర్వే నంబరు పక్కన ఏదో ఒక గ్రామం పేరు ఉంటుంది. చాలామంది ఆ పేరును కొన్న రోజు చదివి మళ్లీ చూసి ఉండరు.

సాహెబ్‌నగర్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అక్కడ రెండు గ్రామాలున్నాయి, సాహెబ్‌నగర్ కలాన్, సాహెబ్‌నగర్ ఖుర్ద్. ఫారసీలో కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. మన తెలుగు ఊళ్లలో పెద అనీ చిన అనీ అంటామే, అదే. దక్షిణ ఇంగ్లండులో గ్రేట్ మిస్సెండెన్, లిటిల్ మిస్సెండెన్ అని రెండు పక్కపక్క పల్లెలున్నాయి. పన్ను రాసుకునే గుమాస్తా ఏ దేశంలోనైనా ఒకేలా ఆలోచిస్తాడు. ఒకే పేరున్న రెండు ఊళ్ల శిస్తు కలిసిపోకూడదు గనుక ఒకదాన్ని పెద్దది చేస్తాడు, ఇంకోదాన్ని చిన్నది చేస్తాడు. ఇంగ్లండు పల్లెల అదృష్టం ఏమిటంటే, ఆ గుమాస్తాల పని 1086లోనే డూమ్స్‌డే పుస్తకంగా తయారై ఇవాళ్టికీ నిలిచి ఉంది. 1538 నుంచి ప్రతి చర్చిలోనూ ఊళ్లో పుట్టినవాళ్ల, పెళ్లయినవాళ్ల, పోయినవాళ్ల పేర్లు రాసి పెట్టారు. వందమంది ఉన్న పల్లెకైనా తన చరిత్ర తాను చదువుకునే వీలుంది. మన ఊరి మనిషి పేరు కాగితం ఎక్కాలంటే అతనికి భూమి ఉండాలి, లేదా అతని మీద వ్యాజ్యం నడవాలి. అందుకే మన ఊళ్ల చరిత్రను కాగితాల్లో కంటే నేల మీద ఎక్కువ చదవాల్సి వస్తుంది. దాని కోసమే మిమ్మల్ని సరూర్‌నగర్ చెరువు దగ్గరికి తీసుకొస్తున్నాను.

ముందు పేరు కథ చెప్పుకుందాం. రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో గులాం సయ్యద్ ఖాన్ అనే దివాను ఉండేవాడు. తెలివితేటలకు మెచ్చి ఆయనకు అరస్తూ జా అని బిరుదిచ్చారు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్‌ను అరబ్బీ, ఫారసీ వాళ్లు అరస్తూ అంటారు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు. సంధి షరతుల్లో భాగంగా దివానునే పట్టి పూనాకు పంపాల్సి వచ్చింది. అక్కడ రెండేళ్ల పైచిలుకు బందీగా ఉండి, పీష్వా దర్బారులోని కుమ్ములాటలను వాడుకుని బయటపడి, తిరిగొచ్చి మళ్లీ అదే గద్దెనెక్కాడు. 1804లో చనిపోయేదాకా ఆయనదే పెత్తనం. ఆయన బేగం పేరు సురూర్ అఫ్జా బాయి. నగరానికి తూర్పున ఆమె పేరిట తోటలు, మహలు వెలిశాయి. ఆ తోట పేరే ఊరి పేరైంది. సురూర్ నగర్ మన నోళ్లలో నలిగి సరూర్‌నగర్ అయింది.

ఇంతవరకూ చాలామంది చెప్పేదే. ఇక్కడ నాకు ఒక లెక్క తట్టింది. సరూర్‌నగర్ చెరువును 1626లో తవ్వించారని చెబుతారు. గోల్కొండలో మహమ్మద్ కుతుబ్‌షా చనిపోయి, హయత్ బక్షీ బేగం కొడుకు అబ్దుల్లా చిన్న వయసులో గద్దెనెక్కిన సంవత్సరం అది. సురూర్ అఫ్జా బాయి ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు పైబడిన కాలపు మనిషి. అంటే తోట కంటే, మహలు కంటే, పేరు కంటే చెరువే పాతది. ఇంత పెద్ద చెరువును ఎవరూ ఉత్త అడవిలో తవ్వించరు. కట్ట కింద పారే మడులుండాలి, మడులు దున్నే చేతులుండాలి, ఆ చేతులు నివసించే గూడెం ఉండాలి. తోట వేయడానికి దివాను గారి మనుషులు ఈ దిక్కే ఎంచుకున్నారంటే అప్పటికే ఇక్కడ నీళ్లున్నాయి గనుకనే. కాబట్టి సరూర్‌నగర్ అనే ఊరు సురూర్ బేగంతో మొదలు కాలేదు. ఆమె వచ్చేసరికి ఊరు ఉంది. దాని పాత పేరు మాత్రం తోట నీడలో పడిపోయింది. ఇది నా ఊహే, కానీ చెరువును ఎదురుగా పెట్టుకుని చూస్తే ఇంకోలా అనుకోవడం కష్టం.

ఇప్పుడు కట్టెక్కి ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడండి. మీ వెనక, దక్షిణాన, ఎత్తున జిల్లెలగూడ, మీర్‌పేట చెరువులున్నాయి. మీ ముందు పల్లంగా జారిపోయి మూసీ ఉంది. తెలంగాణ చెరువులు ఒంటరిగా బతకవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులో పడాలి. అది నిండితే దాని కిందిది. చివరికి ఏరు. కాకతీయుల కాలం నుంచి మనవాళ్లు ఈ పద్ధతిలోనే రాళ్ల నేల మీద వరి పండించారు. కట్టకు తూము ఉంటుంది. తూము తీసి మడులకు నీళ్లు వదిలే పని నీరడిది. ఎవరి మడికి ముందు, ఎవరికి తర్వాత, ఎన్ని గడియలు అన్నది అతని నోటి మాట మీద నడిచేది. ఊళ్లో పటేలుకు భయపడే రైతులు వానలు వెనకపట్టిన ఏడాది నీరడికి కూడా భయపడేవాళ్లు. అతనికి జీతం లేదు, పంట కళ్లం మీద మేర కొలిచి ఇచ్చేవారు. ఎండాకాలం నీళ్లు లోపలికి జరిగాక బయటపడే శిఖం భూమిలో పశువులు మేసేవి, కొందరు దోసకాయలు వేసేవారు. నిండు వానాకాలం కట్టకు గండి పడకుండా కట్ట మైసమ్మకు కోడిని కోసేవారు. ఇంజనీరు, గుమాస్తా, దేవత ముగ్గురూ ఒక్క కట్ట మీద ఉండేవాళ్లు. పల్లె స్వభావం తెలుసుకోవాలంటే గుడి కంటే, గడి కంటే ముందు ఈ కట్టనే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. నీళ్ల దగ్గర మనుషులు ఎలా సర్దుకున్నారో అదే ఊరు.

ఊరికి రెండో గుర్తు బొడ్రాయి. పిల్లవాడికి బొడ్డు ఎక్కడో ఊరికి బొడ్రాయి అక్కడ. ఊరు పుట్టినప్పుడు నాటి, పొలిమేరలు కట్టి, పండుగ నాడు అత్తవారింటికి పోయిన ఆడబిడ్డలందరినీ పిలిచి చీర పెట్టే రాయి అది. గడ్డిఅన్నారంలోనో కొత్తపేటలోనో పెద్ద రోడ్డు వదిలి లోపలికి నడిచి చూడండి. కాలనీల వీధులు గళ్లనోటు పుస్తకంలా నిలువూ అడ్డంగా ఉంటాయి. నడుస్తూ నడుస్తూ ఉండగా ఒకచోట ఆ గళ్లు చెదురుతాయి. సందు వంకర తిరుగుతుంది, ఇళ్ల అరుగులు దారిలోకి వస్తాయి, వేపచెట్టు కింద పోచమ్మ కనిపిస్తుంది, కాస్త దూరంలో పీర్లు నిలబెట్టే చావడి ఉంటుంది. అప్పుడు మీరు గ్రామకంఠంలో అడుగు పెట్టారన్నమాట. ఆ వంకర సందులను ప్లానర్లు గీయలేదు, ఎడ్లబండ్లు గీశాయి. మొహర్రంకు పీర్లను ఎత్తుకునేదీ, ఆషాఢంలో బోనం ఎత్తుకునేదీ ఒకే వాడకట్టు మనుషులు కావడం ఈ ఊళ్లన్నిటికీ ఉన్న గుణం.

కర్మన్‌ఘాట్ ఆంజనేయుడి సంగతి వేరు. ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్ద. కాకతీయ రెండో ప్రోలరాజు 1143లో వేటకు వచ్చి అలసి చెట్టు కింద పడుకుంటే రామనామం వినిపించిందనీ, పొదల్లో ధ్యానాంజనేయుడి విగ్రహం దొరికిందనీ స్థలపురాణం. ఔరంగజేబు గుడి మీదికి వస్తే, పడగొట్టాలంటే ముందు మనసు గట్టి చేసుకో అనే అర్థంలో కర్ మన్ ఘట్ అని ఒక గొంతు వినిపించిందనీ, అదే ఊరి పేరైందనీ జనం చెప్పుకుంటారు. పురాణాన్ని పురాణంగానే తీసుకుందాం. ఆ కథలో నాకు నచ్చేది ఒకటుంది. దక్కను దేవుడు మొగలు చక్రవర్తితో అతని భాషలోనే మాట్లాడతాడు. తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో పెరిగిన ప్రాంతంలో తప్ప ఇలాంటి కథ పుట్టదు.

ఈ ఊళ్లు నగరంలో ఎలా కలిశాయో చూద్దాం. నిజాం పాలనలో హైదరాబాదు చుట్టూ అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా ఉండేది. అందులో చాలా భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చేది. 1949లో అది ప్రభుత్వంలో కలిసింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఇవాళ్టికీ కోర్టుల్లో భూమి తగాదా ఏదొచ్చినా ఆ పహాణీనే ముందు అడుగుతారు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ పోయింది. నగర శివారు కదా, అప్పటికే పొలాలు గజాల్లోకి మారుతున్నాయి. ఎకరం అన్న మాట పలచబడి గజం అన్న మాట చిక్కబడింది. తపాలా, టెలిఫోన్ శాఖల వాళ్లు, బ్యాంకుల వాళ్లు సొసైటీలు పెట్టుకుని స్థలాలు కొన్నారు. పీ అండ్ టీ కాలనీ, టెలిఫోన్ కాలనీ అనే పేర్లు ఆ జీతాల బతుకులకు మిగిలిన గుర్తులు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు రెండూ మరో పదింటితో కలిసి మహానగరపాలక సంస్థలో చేరిపోయాయి.

ఈ ప్రాంతానికి ఎవరొచ్చారన్నది మాత్రం రోడ్డే తేల్చింది. నగరానికి వలస వచ్చేవాడు తన ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడే మొదటి గది అద్దెకు తీసుకుంటాడు. పండక్కి పోవడం తేలిక, ఊరి నుంచి బియ్యం మూట తెప్పించుకోవడం తేలిక. వరంగల్ వాళ్లకు ఉప్పల్ ఎలాగో, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వాళ్లకు ఎల్బీనగర్ అలాగ. దేవరకొండ, సాగర్ దిక్కు వాళ్లకు సాగర్ రోడ్డు. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే టీకొట్టు దగ్గర నాలుగు జిల్లాల యాసలు వినబడతాయి. ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు ఇక్కడే ముసురుకోవడానికి సగం కారణం కూడా అదే బస్సు. ఉద్యోగాల కోసం ఎదురుచూసే ఆ యువకుల ఆశ, కోపం తెలంగాణ ఉద్యమంలోకి వచ్చాయి. 2009 నవంబరు 29న కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది ఎల్బీనగర్ చౌరస్తాలోనే. డిసెంబరు 3న ఆయన చనిపోయారు. ఆ చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు పోయినవాళ్లలోనూ బస్సు కోసం నిలబడ్డవాళ్లు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఉన్నారు. ఆ రెండు చోట్లా నడుస్తున్నప్పుడు అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది.

పల్లెను నగరం వదిలించుకోలేదనడానికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టే సాక్షి. నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి లారీల్లో అక్కడికే దిగేవి. తెల్లవారకముందే వేలం పాట మొదలయ్యేది. హమాలీలు, కమీషన్ ఏజెంట్లు, గంపలు, కాయల మధ్య పరిచిన వరిగడ్డి వాసన. మండు వేసవిలో కొత్తపేట రోడ్డంతా మామిడి పండు వాసన వేసేది. 2021లో మార్కెట్‌ను హైవే మీద ఇంకా తూర్పుకు, బాటసింగారానికి తరలించారు. 2022 ఏప్రిల్‌లో ఆ స్థలంలో 1000 పడకల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరమే, ఎవరూ కాదనరు. కానీ రైతూ నగరవాసీ ఎదురెదురుగా నిలబడి బేరమాడుకునే జాగా ఒకటి ఈ వైపు నుంచి పోయింది.

ఎల్బీనగర్ మెట్రో మొదలైంది 2018 సెప్టెంబరులో. ఎల్బీనగర్ తర్వాతి స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. 1901లో చనిపోయిన ఇంగ్లండు రాణి పేరిట, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమం అది. మహలులాంటి ఆ భవనంలో ఎన్నో తరాల పిల్లలు పెరిగారు, చదువుకున్నారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు ఊరు అమ్మగా నిలిచిన చోటు గనుక, స్టేషనుకు ఆ పేరు ఉండటం నాకు సమ్మతమే. దాని పక్కన గడ్డిఅన్నారం పేరుతోనో కొత్తపేట పేరుతోనో ఇంకో స్టేషను ఉంటే బాగుండేది.

ఆ రాణి దేశంలోనూ పల్లెలు పోయాయి. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు వేల చట్టాలు చేసి ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేయించింది. మేత పోయిన బీదవాళ్లు పట్నాలు పట్టారు. లండన్ పెరుగుతూ పెరుగుతూ హైగేట్, హ్యాంప్‌స్టెడ్, డల్విచ్‌లను కలిపేసుకుంది. అయినా అక్కడి జనం ఇవాళ్టికీ తమ పేటను విలేజ్ అనే అంటారు, గర్వంగా అంటారు. పాత చెరువుగట్టును, పాత చెట్టును కదిలించబోతే అడ్డం పడతారు. మన దగ్గర గర్వమంతా కాలనీ అన్న మాటకు పోయింది. పాత ఊరు అంటే ఇరుకు సందులు, పట్టా తగాదాలు అనే లెక్క. కొత్తగా వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను, నేనూ అలా వచ్చినవాడినే. మనం దిగిన ఇంటికి ముందే ఒక యజమాని ఉన్నాడని తెలిస్తే ఆ ఇంట్లో నడిచే తీరు వేరుగా ఉంటుంది.

2020 అక్టోబరు 13న ఆ సంగతి నీళ్లు చెప్పాయి. నగరానికి తూర్పున, ఘట్‌కేసర్ వైపు, ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. మీర్‌పేట వైపు చెరువులు పొర్లాయి. నీళ్లు పాత గొలుసు వెంటే దిగి సరూర్‌నగర్ చెరువులోకి వచ్చాయి. కాలువ ఉండాల్సిన చోట గోడలు, గేట్లు, పార్కింగులు ఉన్నాయి. కోదండరాంనగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. జనం మెట్ల మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. మూడు నాలుగు వందల ఏళ్ల కింద తూము ఎక్కడ, మత్తడి ఎటు అని తేల్చినవాళ్లకు తెలిసిన పల్లం ఇదే. నీరడి ఉద్యోగం పోయింది. అతను చేసిన పని ఎవరికీ అప్పగించలేదు. ఇప్పటికీ ఈ చెరువు సుమారు 100 ఎకరాలు ఉంది. వినాయక నిమజ్జనానికి జనం అక్కడికే వస్తారు, బతుకమ్మలు అక్కడే నీళ్లలో కలుస్తాయి.

ఒక చిన్న పని చెబుతాను. ఈసారి గట్టి వాన పడ్డప్పుడు, ఎల్బీనగర్‌లో మీరు ఏ వీధిలో ఉన్నా, గుమ్మంలో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఆ వైపు ఏ కుంట ఉండేదో వీధిలో పెద్దవాళ్లను అడగండి. పాలు పోసే ఆయనకో, ఇస్త్రీ బండి పెద్దమ్మకో తెలిసి ఉంటుంది. పేరు చెబితే రాసి పెట్టుకోండి.

ఈ వారం చెరువు దగ్గరే పొద్దు వాలింది. ఆస్మాన్‌గఢ్ పక్కన గుట్ట మీద ఒక ఫ్రెంచి సేనాని నల్లరాతి సమాధి కింద నిద్రపోతున్నాడు. పేరు రేమండ్. ఖర్దాలో నిజాం తరఫున పోరాడి, 1798లో చనిపోయాడు. హిందువులు అతన్ని మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ అతని పేరే. వచ్చే వారం ఆ గుట్ట ఎక్కుదాం.